గేములకు ఎస్‌ఎస్‌డీయా, హార్డ్‌డిస్కా? పాత కంప్యూటర్ చేతికొచ్చిన నెల్లూరు విద్యార్థి ప్రశ్న

మూలాపేట కుర్రవాడు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అన్నయ్య ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన కంప్యూటర్‌ను నాకు వదిలిపెట్టాడు. అందులో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, 7200 ఆర్‌పీఎం వేగంతో తిరిగే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. మీట నొక్కి కాఫీ కలుపుకొని వచ్చేసరికి కూడా విండోస్ కుదుటపడదు. సైబర్‌పంక్ 2077 లో కారును వేగంగా నడిపితే రోడ్డు పక్కన ఉన్న భవనాలు ముందు మైనపు ముద్దల్లా కనిపించి, నేను దాటిపోయే సమయానికి తలుపులూ కిటికీలూ తెచ్చుకుంటున్నాయి.

నా దగ్గరున్న డబ్బుకు పెద్ద హార్డ్‌డిస్క్ ఒకటి గానీ, దానికంటే బాగా తక్కువ స్థలమున్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారాన్ని దాచే డ్రైవ్) ఒకటి గానీ వస్తుంది. ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే, గేములకు కావలసింది స్థలమేనని, హార్డ్‌డిస్క్ తీసుకొమ్మని చెప్పారు. మా స్నేహితుడేమో ఎస్‌ఎస్‌డీ వేస్తే ఫ్రేముల సంఖ్య, అంటే సెకనుకు తెర మీద గీసే బొమ్మల సంఖ్య రెట్టింపవుతుందని పందెం కాస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలిసినవారు చెప్పగలరు.

ట్రంకు రోడ్డు మరమ్మతులు (ఒంగోలు):

తమ్ముడూ, మీ స్నేహితుడు పందెం ఓడిపోతాడు. దుకాణదారుడు చెప్పింది మాత్రం పదేళ్ల క్రితమైతే సరిపోయేది.

ముందు ఫ్రేముల సంగతి చూద్దాం. తెర మీద బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు, దానికి పని అందించేది ప్రాసెసర్. గీయడానికి కావలసిన సామగ్రి అంతా ర్యామ్‌లోకీ, గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకీ చేరిన తరువాత డిస్క్ ఏ రకానిదైనా ఫ్రేముల సంఖ్య మారదు. డిస్క్‌తో పని పడేది ఆ సామగ్రిని లోపలికి తెచ్చుకునేటప్పుడే. ఒకే గదిలో, ఒకే మైదానంలో జరిగే గేముల్లో ఈ పని మొదట్లో ఒకసారి జరిగిపోతుంది. మీరు చెప్పిన గేములో మాత్రం ఊరు ఎక్కడా ఆగదు. కారు ముందుకు పోతున్నకొద్దీ రాబోయే వీధి సామాను డిస్క్ నుంచి వస్తూనే ఉండాలి. అది సమయానికి అందకపోతే మీరు చూసిన మైనపు ముద్దలు, మధ్యమధ్య పట్టేసినట్టు ఆగే కుదుపులు తప్పవు. అందువల్ల ఎస్‌ఎస్‌డీ వేస్తే సగటు ఫ్రేములు అలాగే ఉంటాయి గానీ ఆ కుదుపులు చాలావరకు పోతాయి. ఆడేవాడికి రెండూ ఒకేలా తోచడం వల్లనే ఈ అపోహ పుట్టింది.

ఇక హార్డ్‌డిస్క్ ఎందుకు అందించలేకపోతోందో చిన్న లెక్క వేసి చూపిస్తాను. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లేనికి ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. అంతకు ముందు ఆ ముల్లు సరైన వలయం మీదికి జరగడానికి మరో 9 మిల్లీసెకన్ల దాకా పోతుంది. మొత్తం 13 అనుకుందాం. డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న 20,000 చిన్న ముక్కలను ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలంటే 260 సెకన్లు కావాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి ఒక ముక్కకు పదో వంతు మిల్లీసెకను చాలు, అదే పని 2 సెకన్లలో ముగుస్తుంది. పెట్టె మీద రాసే వేగాలు వరసగా చదివినప్పటివి. హార్డ్‌డిస్క్ కూడా వరసగా చదివితే సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్లు ఇస్తుంది, అది చూసి తేడా మూడు రెట్లేనని చాలామంది మోసపోతారు. అసలు తేడా వెతుకులాటలో ఉంది.

చీమకుర్తి నల్లరాయి:

మరమ్మతుల అన్నగారి లెక్కకు నా అనుభవం సాక్ష్యం. నేను పోయిన వేసవిలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్‌లాగే కేబుల్‌తో కలిపే రకం) వేశాను, మిగతా యంత్రమంతా పాతదే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉండే గడి ఆ రోజు నుంచి నాకు కనపడలేదు. ఫ్రేములు మాత్రం ముందు ఎన్నో ఇప్పుడూ అన్నే.

కనిగిరి రికార్డింగులు:

అందరూ హార్డ్‌డిస్క్‌ను పాతసామాన్ల బండికి వేసేలా ఉన్నారు కాబట్టి దాని తరఫున ఒకరు మాట్లాడాలి.

మా ఇంటికి వచ్చే ఇంటర్నెట్ వేగం 15 ఎంబీపీఎస్. ఆ వేగంతో 100 జీబీ గేమును దించుకోవాలంటే ఎక్కడా తెగకుండా వచ్చినా దాదాపు 15 గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఆ లెక్క వేరు. హైదరాబాదులో కూర్చున్నవారు స్థలం చాలకపోతే ఒక గేము తీసేసి, కావలసినప్పుడు మళ్లీ దించుకోమని తేలికగా చెబుతారు. తీసేసిన గేమును మళ్లీ తెచ్చుకోవడం మాకు రెండు రాత్రుల పని. బల్దర్స్ గేట్ 3 ఒక్కదానికే 150 జీబీ కావాలి, స్టార్‌ఫీల్డ్‌కు 125 జీబీ, కౌంటర్ స్ట్రైక్ 2 కు 85 జీబీ. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ పోగా ఈ మూడూ పెట్టుకుంటే ఇంకేమి మిగులుతుంది?

పైగా నేను ఆటను రికార్డు చేస్తాను. 40 ఎంబీపీఎస్ నాణ్యతతో రికార్డు చేస్తే సెకనుకు 5 మెగాబైట్లు, గంటకు 18 జీబీ. ఆ వేగం హార్డ్‌డిస్క్‌కు ఒక లెక్కలోనిది కాదు. ఇంత మెల్లగా, వరసగా రాసే పనికి ఖరీదైన చిప్పులను అరగదీయడం నాకు నచ్చదు.

కావలి కీబోర్డు:

కనిగిరి గారి బాధ న్యాయమైనది. అయితే ఆ గేములు అంత లావెక్కడానికి ఒక కారణం హార్డ్‌డిస్కేనని తెలిస్తే వారే నవ్వుకుంటారు. ముల్లు అటూ ఇటూ పరుగెత్తే పని తగ్గించడానికి, ఒకే చెట్టు బొమ్మనో ఒకే రాయి బొమ్మనో అవసరమైన ప్రతి చోటా మళ్లీ మళ్లీ రాసి పెట్టడం గేములు తయారుచేసేవారికి పాత అలవాటు. హెల్‌డైవర్స్ 2 కంప్యూటర్ రూపం ఇలాగే 154 జీబీ దాకా పెరిగింది. 2025 చివరలో ఆ నకళ్లను తీసేస్తే అది సుమారు 23 జీబీకి దిగివచ్చింది. అంతకంటే విచిత్రమేమిటంటే, నకళ్లు తీసిన తరువాత హార్డ్‌డిస్క్ మీద ఆడేవారికి కూడా లోడింగ్ సమయం పెద్దగా పెరగలేదు. ఆ గేములో ఎక్కువ సమయం తీసుకుంటున్నది యుద్ధభూమిని అప్పటికప్పుడు తయారుచేసే ప్రాసెసర్ పని అని ఆ గేము తయారుచేసినవారే తేల్చారు.

ఇలాంటిదే ఇంకొకటి చెబుతాను. జీటీఏ ఆన్‌లైన్ అనే గేము తెరుచుకోవడానికి నిమిషాల తరబడి పట్టేది, ఎస్‌ఎస్‌డీ వేసినా పట్టేది. 2021 లో బయటి ప్రోగ్రామర్ ఒకరు విప్పి చూస్తే, కొనుగోలు వస్తువుల పెద్ద జాబితాను చదివే కోడు చదివిన చోటే మళ్లీ మళ్లీ చదువుతూ కాలం వృథా చేస్తోందని తేలింది. ఆయన సవరణతో లోడింగ్ సమయం 70 శాతం దాకా తగ్గింది, అదే ఏడాది మార్చిలో సంస్థ కూడా దాన్ని సరిదిద్దింది. లోడింగ్ తెర కదలని ప్రతిసారీ డిస్క్‌ను తిట్టకూడదని నేను అప్పుడే నేర్చుకున్నాను.

ట్రంకు రోడ్డు మరమ్మతులు (ఒంగోలు):

కీబోర్డు గారి మాట ఒప్పుకుంటాను, అయితే మన కుర్రవాడి విషయంలో అది వర్తించదు. సైబర్‌పంక్ 2023 సెప్టెంబరులో 2.0 రూపానికి మారినప్పుడు కనీస అవసరాల జాబితాలోంచి హార్డ్‌డిస్క్‌ను తీసేశారు. ఆ జాబితాలో అడుగున ఉన్న గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా ఆర్‌ఎక్స్ 580 8 జీబీయే, ర్యామ్ 12 జీబీ చాలు. అంటే ఈ యంత్రంలో గడప దాటలేకపోతున్నది డిస్క్ ఒక్కటే. స్టార్‌ఫీల్డ్, బల్దర్స్ గేట్ 3 కూడా ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని రాసే విడుదలయ్యాయి. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ ఎస్‌ఎస్‌డీతోనే వచ్చాయి కాబట్టి, వాటి కోసం తయారైన గేములు మెల్లగా తిరిగే పళ్లెం కోసం ఆగవు.

మూలాపేట కుర్రవాడు (నెల్లూరు):

అన్నలిద్దరికీ, కనిగిరి గారికీ ధన్యవాదాలు. నాకు ఇంకా కొన్ని సందేహాలు మిగిలాయి. సెకనుకు 550 మెగాబైట్ల సాటా రకం, 3500 ఇచ్చే ఎన్‌వీఎంఈ (కేబుల్ లేకుండా మదర్‌బోర్డులోనే గుచ్చే రకం), 7000 ఇచ్చే ఎన్‌వీఎంఈ అని మూడు కనిపిస్తున్నాయి. మా స్నేహితుడు ఇప్పుడు మాట మార్చి, కొంటే 7000 దే కొనాలంటున్నాడు. రెండోది, ఎస్‌ఎస్‌డీలో రాసినకొద్దీ ఆయుష్షు తగ్గుతుందంటారు, అది నిజమేనా? మూడోది, మా గదిలో ఏసీ లేదు. రోహిణి కార్తెలో ఇక్కడి ఎండ సంగతి మీకు తెలిసినదే.

ట్రంకు రోడ్డు మరమ్మతులు (ఒంగోలు):

మీ స్నేహితుణ్ని ఒకసారి మా దుకాణానికి పంపండి, టీ ఇప్పించి మాట్లాడతాను.

మీ బీ450 బోర్డులో ఎన్‌వీఎంఈని గుచ్చే ఎం.2 స్లాట్ పీసీఐఈ (డ్రైవ్‌కూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారి) మూడో తరానిది. నాలుగో తరం డ్రైవ్‌ను అందులో పెడితే పని చేస్తుంది, కానీ 3500 దగ్గరే ఆగిపోతుంది. రేపు బోర్డు మార్చే ఉద్దేశం ఉంటే, ధరలో తేడా కొద్దిగానే ఉంటే నాలుగో తరానిది కొనండి, లేకుంటే ఆ డబ్బు దండగ. అసలు గేములు తెరుచుకునే సమయంలో హార్డ్‌డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు కనిపించే తేడా ఏనుగంత అయితే, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు కనిపించేది ఎలుకంత. డిస్క్ ఎంత త్వరగా ఇచ్చినా దాన్ని విప్పి సర్దుకోవడానికి ప్రాసెసర్‌కు పట్టే సమయం మిగిలే ఉంటుంది. డైరెక్ట్‌స్టోరేజ్ అనే పద్ధతి కంప్యూటర్లకు 2022 మార్చిలో వచ్చింది, ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే వీలు దానికి అదే ఏడాది నవంబరులో చేరింది, ఫర్‌స్పోకెన్, రాచెట్ అండ్ క్లాంక్ వంటి కొన్ని గేములు డైరెక్ట్‌స్టోరేజ్‌ను వాడుకున్నాయి. వాటి కోసమని ఇప్పుడు అప్పు చేయనక్కర్లేదు. అయినా సాటా, ఎన్‌వీఎంఈ ధరలు దగ్గరదగ్గరగా ఉంటున్నాయి కాబట్టి, స్లాట్ ఖాళీగా ఉన్నవారు ఎన్‌వీఎంఈ తీసుకోవడమే మంచిది, కేబుళ్ల గొడవ కూడా ఉండదు. కొనేటప్పుడు ఎం.2 ఆకారం చూసి సరిపెట్టుకోకండి. అదే ఆకారంలో సాటా వేగంతో పనిచేసేవి కూడా ఉన్నాయి, కాబట్టి పెట్టె మీద ఎన్‌వీఎంఈ అన్న మాట చదివి చూసుకోండి.

ఆయుష్షు విషయానికి వస్తే, రాసినకొద్దీ అరగడం నిజం, దానికి భయపడడం అనవసరం. ఎస్‌ఎస్‌డీ చిప్పులు రెండు రకాలవి ఎక్కువగా దొరుకుతాయి, ఒక్కో గడిలో దాచే బిట్లు టీఎల్‌సీ రకంలో మూడు, క్యూఎల్‌సీ రకంలో నాలుగు. గడిలో ఎక్కువ కుక్కినకొద్దీ ధర తగ్గుతుంది, ఓర్పు కూడా తగ్గుతుంది. మామూలు 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కు 360 నుంచి 600 టీబీ దాకా రాయవచ్చని వారంటీ ఇస్తారు. మీరు రోజూ 50 జీబీ రాసినా 360 టీబీ పూర్తి కావడానికి దాదాపు 20 ఏళ్లు కావాలి. ఆ లోపల మీ పిల్లలు ఆ కంప్యూటర్‌ను చూసి నవ్వుతారు. క్యూఎల్‌సీతో ఉన్న అసలు చిక్కు వేరు. లోపలి తాత్కాలిక నిల్వ నిండేదాకా పరుగెత్తి, నిండగానే రాసే వేగం హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోయేవి ఉన్నాయి, ముఖ్యంగా డ్రైవ్ నిండుగా ఉన్నప్పుడు. పెద్ద గేమును ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మార్చేటప్పుడు ఇది తెలిసివస్తుంది, ఆడేటప్పుడు మాత్రం అంతగా తెలియదు. అందుకే ఏ రకమైనా ఐదో వంతు ఖాళీగా ఉంచమని నేను అందరికీ చెబుతాను.

ఎండ గురించి నాకు కొంత బెంగ ఉంది గానీ మీకు అక్కర్లేదు. మూడో తరం డ్రైవ్‌లు గేము చదివేటంత మాత్రాన మరిగిపోవు. వేడి హద్దు దాటితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. బోర్డుతో వచ్చిన అల్యూమినియం పట్టీ ఉంటే బిగించండి, బిగించే ముందు దాని కింద ఉన్న మెత్తటి ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొరను ఒలిచేయండి. ఆ పొరతోనే బిగించి, వేడెక్కుతోందని మా దగ్గరికి తెచ్చేవారు వేసవిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

మైపాడు అల:

ధర తక్కువని ఊరూపేరూ లేని డ్రైవ్ కొనకండి. నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 2 టీబీ బయటి ఎస్‌ఎస్‌డీ కొన్నాను. విండోస్‌లో 2 టీబీ అనే చూపించింది. 60 జీబీ దాటి వేసినవన్నీ తెరుచుకోకుండా పోయాయి. విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు జిగురుతో అతికించి ఉంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చదివించి చూస్తే అసలు సామర్థ్యం తేలిపోతుంది. కొత్తగా ఏది కొన్నా, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఆ పరీక్ష చేయండి.

అలాగని 1 టీబీ డ్రైవ్‌లో 931 జీబీ కనిపిస్తే దుకాణదారుడితో తగవు పెట్టుకోకండి. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024 తో లెక్కిస్తుంది. మన నెల్లూరు పుట్టి 850 కిలోలంటే పై జిల్లాలవారు నమ్మనట్టే ఇదీను, కొలత పేరు ఒకటే అయినా కొలిచే తవ్వ వేరు.

చీమకుర్తి నల్లరాయి:

నాకొక సందేహం. మా దగ్గర రాతిపొడి ఎక్కువ, కరెంటు రాకపోకలకు లెక్క లేదు. ఇలాంటి చోట హఠాత్తుగా ఆగిపోతే హార్డ్‌డిస్క్ కంటే ఎస్‌ఎస్‌డీయే నయమని విన్నాను, అది నిజమేనా?

కావలి కీబోర్డు:

అందులో సగమే నిజం. కరెంటు పోయినప్పుడు హార్డ్‌డిస్క్ పళ్లెం ఇంకా తిరుగుతున్న ఊపునే వాడుకొని ముల్లును పక్కకు చేర్చుకుంటుంది. ఎస్‌ఎస్‌డీకి ముల్లు లేకపోయినా, ఏ ముక్క ఏ గడిలో ఉందో చెప్పే పట్టికను అదే క్షణంలో రాస్తూ ఉంటే అది చెడిపోయే అవకాశం ఉంది. అలాంటప్పుడు ఆదుకొనే పెద్ద కెపాసిటర్లు సర్వర్ల కోసం చేసే డ్రైవ్‌లలో ఉంటాయి గానీ, మనం కొనేవాటిలో సాధారణంగా ఉండవు. అందువల్ల రెండింటికీ యూపీఎస్ అవసరమే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కరెంటు వచ్చిపోయిన తీరు చూసి నేను ఆ వారమే కొన్నాను.

పోయే తీరులో కూడా తేడా ఉంది. హార్డ్‌డిస్క్ చాలాసార్లు టిక్కుటిక్కుమని ముందే చెప్పి పోతుంది, ఎస్‌ఎస్‌డీ తరచుగా మాటా పలుకూ లేకుండా పోతుంది. పోయినదాంట్లోంచి ఫొటోలు రాబట్టుకోవడం కూడా ఎస్‌ఎస్‌డీలో కష్టం, పొరపాటున చెరిపినవైతే, చెరిపిన గడులను ఖాళీ చేయించే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల దాదాపు అసాధ్యం. గేము పోతే మళ్లీ దించుకోవచ్చు. కుటుంబం ఫొటోలు ఏ ఒక్క డ్రైవ్‌లోనూ ఒంటరిగా ఉండకూడదు.

ట్రంకు రోడ్డు మరమ్మతులు (ఒంగోలు):

రాతిపొడి విషయం నేను చెబుతాను. హార్డ్‌డిస్క్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం, దానికి లోపల వడపోత ఉంటాయి, కాబట్టి పొడి పళ్లేల దాకా పోదు. పొడి చేటు చేసేది ఫ్యాన్లకూ హీట్‌సింకులకూ. నెలకొకసారి క్యాబినెట్ తెరిచి ఊదితే చాలు, కానీ ఆ రంధ్రాన్ని మూస్తూ స్టిక్కర్ మాత్రం అతికించకండి.

కుర్రవాడికి నా తుది సలహా ఇది. హార్డ్‌డిస్క్ కొత్తది కొనవద్దు, పాతది పారేయవద్దు. డబ్బు కూడగట్టుకోగలిగితే మరో నెల ఆగి 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి, ఆగలేకపోతే 500 జీబీ. విండోస్, ప్రస్తుతం ఆడుతున్న రెండు మూడు గేములు అందులో ఉంటాయి. ఆడడం ముగిసినవాటిని, గేములు కొని దించుకునే స్టీమ్ ప్రోగ్రామ్‌లో ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను మార్చే ఏర్పాటుతో హార్డ్‌డిస్క్‌లోకి తోసేయండి, మళ్లీ కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకోండి. 100 జీబీని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవడానికి కనిగిరి వారికి పట్టే 15 గంటల పని ఇలా పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. ధాన్యం గాదెలో ఉంటుంది, వారానికి సరిపడా బియ్యం వంటింటి డబ్బాలో ఉంటాయి. అయితే ఆ పాత డిస్క్ ఆరోగ్యాన్ని ముందుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడండి. అందులో చెడిన, చెడుతున్న చోట్లను లెక్కించే 05, సీ5 అన్న వరసల్లో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే ఫొటోలను ఆ రోజే తీసి పక్కన పెట్టండి.

విండోస్‌ను కొత్తగా ఎక్కించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ ఊడదీసి ఎక్కించండి. లేకుంటే విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లోనే ఉండిపోయి, రేపు అది పోయిన రోజున ఎస్‌ఎస్‌డీ బాగున్నా కంప్యూటర్ లేవదు.

కనిగిరి రికార్డింగులు:

గాదె మాట వచ్చింది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నా వాదన అంతవరకే.

మూలాపేట కుర్రవాడు (నెల్లూరు):

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అన్నయ్య కొంత సాయం చేయడంతో 1 టీబీ మూడో తరం ఎన్‌వీఎంఈ టీఎల్‌సీ డ్రైవ్ తీసుకున్నాను. హార్డ్‌డిస్క్ కేబుల్ తీసి విండోస్ ఎక్కించాను. మీట నొక్కినప్పటి నుంచి పని చేసుకోగలిగే దాకా ఇప్పుడు 20 సెకన్లలోపే పడుతోంది. సైబర్‌పంక్‌లో సగటు ఫ్రేములు ముందు 41, ఇప్పుడు 42. పందెం డబ్బు వసూలు చేశాను. భవనాలు మాత్రం నేను వెళ్లేసరికే తలుపులూ కిటికీలతో సిద్ధంగా ఉంటున్నాయి. పాత డిస్క్‌లో సీ5 వరసలో 8 అని చూపించింది, అందుకని ఫొటోలను వేరే చోటికి కాపీ చేసి, దాన్ని మళ్లీ దించుకోగలిగే గేములకు మాత్రమే వాడుతున్నాను.

ఒక చిక్కు మిగిలింది. ఎం.2 డ్రైవ్‌ను బిగించే చిన్న స్క్రూ పెట్టెలో లేదు, బోర్డు మీద కూడా లేదు. ప్రస్తుతం డ్రైవ్ ఒక కొస పైకి లేచి ఉంటే ఇన్సులేషన్ టేపుతో అతికించాను. పరవాలేదా?

ట్రంకు రోడ్డు మరమ్మతులు (ఒంగోలు):

పరవాలేదనను. వేసవికి ఆ టేపు జిగురు కరిగి డ్రైవ్ మళ్లీ లేస్తుంది. ఆ స్క్రూ మదర్‌బోర్డు పెట్టెలో చిన్న కవరులో వస్తుంది, మీ అన్నయ్యను ఆ పెట్టె ఎక్కడ దాచాడో అడగండి. దొరకకపోతే ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఏ దుకాణంలోనైనా ఎం.2 స్క్రూ అని అడిగితే ఇస్తారు. దాని కింద ఉండే పొట్టి ఇత్తడి కాలు కూడా బోర్డు మీద ఉందో లేదో చూసుకొని వెళ్లండి, అది లేకుండా స్క్రూ ఒక్కటే బిగిస్తే డ్రైవ్ వంగిపోతుంది.